సినిమాలో ఎంఆర్‌ఐ ఎందుకు ఉత్తుత్తిదే అయి ఉంటుంది

సినిమాల్లో, వెబ్ సిరీస్‌లలో కనిపించే ఎంఆర్‌ఐ మెషీన్లలో (బలమైన అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మలు తీసే స్కానర్లు) ఎక్కువ భాగం ఉత్తుత్తివే. చెక్క చట్రం, దాని మీద ఫైబర్ తొడుగు, కార్లకు కొట్టే రకం తెల్ల పెయింట్, లోపల నాలుగు ఎల్‌ఈడీ పట్టీలు, అంతే. అసలు మెషీన్ కోట్ల రూపాయలు పలుకుతుంది కాబట్టి డమ్మీ పెడతారని చాలామంది అనుకుంటారు. డబ్బు కూడా ఒక కారణమే, కాదనలేం, కానీ మొదటి కారణం అది కాదు. వెంటిలేటర్లు చవకైనవేం కాదు, అయినా సెట్ల మీద నిజమైన వెంటిలేటర్లు వాడేవాళ్లున్నారు. 2020లో కరోనా విరుచుకుపడినప్పుడు బీబీసీ వాళ్ల ఆసుపత్రి సీరియల్ ‘హోల్బీ సిటీ’ తన సెట్‌లో ఉన్న వెంటిలేటర్లను లండన్‌లో ఆగమేఘాల మీద ఏర్పాటు చేసిన నైటింగేల్ ఆసుపత్రికి ఇచ్చేసింది, అవి పనిచేసే మెషీన్లే. స్కానర్ల దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క మారిపోతుంది. ఎందుకంటే ఎంఆర్‌ఐ గదిని కట్టేదే షూటింగ్ యూనిట్ మోసుకొచ్చే సామాను మొత్తాన్నీ గుమ్మం బయటే ఆపేయడానికి.

మామూలుగా ఆసుపత్రుల్లో ఉండే ఎంఆర్‌ఐ అయస్కాంతం బలం 1.5 టెస్లా లేదా 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత). 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు 30 వేల రెట్లు. లోపల నియోబియం-టైటానియం తీగ చుట్టలు ఉంటాయి, వాటిని ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచుతారు, అంత చల్లదనంలో ఆ తీగకు విద్యుత్ నిరోధం ఉండదు, ఒకసారి ఎక్కించిన కరెంట్ అలా తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: ఈ అయస్కాంతానికి మామూలు స్విచ్ లేదు. స్కాన్ జరగనప్పుడు, రాత్రి తాళం వేసి వెళ్లినప్పుడు, బిల్డింగ్‌లో కరెంట్ పోయినప్పుడు కూడా అది లాగుతూనే ఉంటుంది. ప్రాణం మీదికి వస్తే నొక్కడానికి ఒక ఎర్ర బటన్ ఉంటుంది, దాన్ని నొక్కితే హీలియం అంతా ఒక్కసారిగా ఆవిరై (లీటరు ద్రవం ఏడు వందల లీటర్లకు పైగా వాయువుగా ఉబ్బుతుంది) పైపు గుండా బయటికి పోతుంది. దీన్ని క్వెంచ్ అంటారు. ఆ తర్వాత హీలియం నింపి మెషీన్‌ను మళ్లీ నిలబెట్టడానికి రోజులు పడుతుంది, ఖర్చు లక్షల్లో ఉంటుంది. ఒక్క షాట్ కోసం ఆ పనికి ఏ ఆసుపత్రీ ఒప్పుకోదు.

ఇక షూటింగ్ సామాను సంగతి చూడండి. కెమెరా స్టాండ్, ట్రాలీ పట్టాలు, లైట్ స్టాండ్లు, వాటిని కదలకుండా పట్టే సి-క్లాంపులు, లెన్స్ మోటార్లు, అసిస్టెంట్ నడుముకు వేలాడే పనిముట్ల బెల్టు, మేకప్ వాళ్ల జడపిన్నులు, అన్నిట్లోనూ ఎక్కడో ఒకచోట ఇనుము ఉంటుంది. అయస్కాంతం లాగినప్పుడు అవి నెమ్మదిగా జారవు, దగ్గరికెళ్లే కొద్దీ లాగుడు ఎంత గబుక్కున పెరుగుతుందంటే చేతిలోంచి ఎగిరిపోయాకే మనిషికి తెలుస్తుంది. పైగా శరీరం నుంచి వచ్చే అతి బలహీనమైన రేడియో సంకేతాలను పట్టుకోవాలి కాబట్టి, బయటి రేడియో తరంగాలు లోపలికి రాకుండా గోడలకు, పైకప్పుకు, తలుపుకు రాగి రేకు లాంటి లోహపు పొర పరుస్తారు. అంటే లోపలి నుంచి వాకీటాకీ మోగదు, కార్డ్‌లెస్ మైక్ పనిచేయదు. అన్నిటినీ దాటుకుని లోపలికెళ్లినా స్కాన్ నడుస్తుంటే వంద డెసిబెల్స్ పైన చప్పుడు, ఆ చప్పుడులో డైలాగ్ ఎవరికీ వినపడదు. అందుకే నిజమైన ఎంఆర్‌ఐ సెంటర్‌లో తీయాలనుకున్నవాళ్లు కూడా కెమెరాను పక్కనున్న కంట్రోల్ రూమ్‌లో పెట్టి అద్దంలోంచి తీసుకుని తృప్తి పడాల్సిందే. పేషెంట్ ముఖం క్లోజప్ కావాలంటే డమ్మీ తప్పదు.

డమ్మీ తయారీలో ఉన్న తెలివంతా ఆ క్లోజప్ కోసమే. నిజమైన సొరంగం వ్యాసం 60 సెంటీమీటర్లు, కొత్త వెడల్పు మోడళ్లలో 70. అందులో మనిషి పడుకున్నాక కెమెరాకు చోటు మిగలదు. కాబట్టి డమ్మీకి వెనక వైపు మూత ఉండదు, లేదా ఊడదీసేలా చేస్తారు, కెమెరా అక్కడ నుంచి నటుడి తలను చూస్తుంది. కొన్నిటిని పొడవునా రెండు ముక్కలుగా చేస్తారు, పక్క నుంచి షాట్ కావాలంటే సగం తీసి అవతల పెట్టేస్తారు. టేబుల్ లోపలికి జారాలి కదా, దానికి చిన్న మోటార్ పెడతారు. అది కుదరకపోతే బల్ల కింద చక్రాలు బిగించి, ఫ్రేమ్ బయట కూర్చున్న సెట్ అసిస్టెంట్ తాడుతో లాగుతాడు. తెర మీద అంత నున్నగా, యంత్రం గీసినట్టు కదిలే బల్ల వెనక ఒక మనిషి ఊపిరి బిగబట్టి తాడు లాగుతున్నాడని చూసేవాళ్లకు తట్టదు. మోటార్ కన్నా తాడే నయం అనేవాళ్లూ ఉంటారు, మోటార్ చప్పుడు డైలాగ్‌లో కలిసిపోతుంది, తాడుకు చప్పుడు లేదు. బరువు సంగతి సరేసరి. అసలు మెషీన్ టన్నుల లెక్క, దాన్ని దించాలంటే క్రేన్ రావాలి, కొన్నిసార్లు గోడ పగలగొట్టాలి. డమ్మీని నలుగురు ఎత్తి వ్యాన్‌లో పెట్టేస్తారు.

పూర్తిగా కొత్తగా కట్టడం ఒక పద్ధతి అయితే, పాత మెషీన్ తొడుగులు సంపాదించడం ఇంకో పద్ధతి. ఆయుష్షు తీరిన స్కానర్లను కొనేవాళ్లు లోపలి పనికొచ్చే భాగాలను స్పేర్ల కింద అమ్ముకుంటారు. బయటి ఫైబర్ తొడుగుతో ఎవరికీ పని ఉండదు, ఉంటే గింటే సినిమా వాళ్లకే. ఆ తొడుగును చెక్క ఫ్రేమ్ మీద బిగిస్తే ఏ ఆర్ట్ డైరెక్టర్ గీసినదానికన్నా నిజంగా కనిపిస్తుంది, ఎందుకంటే అది నిజమైనదే, లోపల మాత్రం ఏమీ ఉండదు. ఒక్కటే చిక్కు, కంపెనీ పేరు. స్కాన్ చేస్తుండగా పేషెంట్ చనిపోయే సీన్‌లో తమ లోగో కనపడాలని ఏ కంపెనీ అయినా ఎందుకు కోరుకుంటుంది? అందుకని లోగో మీద తెల్ల స్టిక్కర్ అతికిస్తారు, లేదంటే ఉన్నదీ లేనిదీ కలిపి ఒక పేరు పుట్టిస్తారు. కాస్త పరీక్షగా చూస్తే చాలా సీన్లలో ఆ అతుకు చోటు దొరికిపోతుంది, చుట్టూ ఉన్న తెలుపు కంటే అక్కడ తెలుపు కొంచెం ఎక్కువ తెల్లగా ఉంటుంది.

స్కాన్ తీసే ఉద్యోగంలో ఉన్నవాళ్లు సినిమా చూస్తూ పళ్లు కొరుక్కునే సందర్భం వేరే ఉంది. డైలాగ్‌లో ఎంఆర్‌ఐ అంటారు, తెర మీద సీటీ, అంటే ఎక్స్‌రేలతో బొమ్మలు తీసే స్కానర్, కనిపిస్తుంది. రెండూ తెల్లగానే ఉంటాయి, రెండిట్లోకీ బల్ల జారుతుంది, కానీ సీటీ గారె లాగా ఉంటుంది, పలచటి గుండ్రం, మధ్యలో చిల్లు, అవతలి గోడ కనిపిస్తుంది. ఎంఆర్‌ఐ మాత్రం పొడుగాటి సొరంగం. తేడా పట్టుకోవడానికి ఇంతకన్నా చదువు అక్కర్లేదు. మరి ఎందుకు కలిపేస్తారంటే, కెమెరాకు సీటీ సుఖం. చిల్లు వెడల్పు 70 నుంచి 80 సెంటీమీటర్లు, లోతు తక్కువ, పేషెంట్ ముఖం, పక్కనున్న డాక్టర్ ముఖం ఒకే ఫ్రేమ్‌లో వస్తాయి. పేరు మాత్రం ఎంఆర్‌ఐ అంటే బరువుగా వినిపిస్తుంది. అలా ఒకదాని శరీరం, ఇంకోదాని పేరు కలిసిపోయాయి. ఇందులో ఇంకో తమాషా, సీటీలో నిజంగా తిరిగేది లోపలి రింగు. ఎక్స్‌రే ట్యూబ్, దానికెదురుగా డిటెక్టర్లు, అన్నీ కలిసి సెకను లోపే ఒక చుట్టు చుట్టి వస్తాయి. బయటి నుంచి అదేమీ కనపడదు, సన్నటి హోరు మాత్రం వినిపిస్తుంది. కనపడకపోతే సినిమాకు నచ్చదు, అందుకే డమ్మీల్లో చిల్లు చుట్టూ నీలం లైటు గిరగిరా తిరుగుతుంది.

కనపడనిదాన్ని చూపించాలనే ఈ తాపత్రయం సినిమా పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. రాంట్జెన్ ఎక్స్‌కిరణాలను కనిపెట్టింది 1895 నవంబరులో. రెండేళ్లు తిరగకుండానే, 1897లో, ఇంగ్లండ్‌లో జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ అనే ఆయన నిమిషం కూడా లేని ఒక సరదా సినిమా తీశాడు. ప్రేమించుకుంటున్న జంట బెంచీ మీద కూర్చుని ఉంటే ఇంకొకడు ‘ఎక్స్ రేస్’ అని రాసి ఉన్న ఒక పెట్టెను వాళ్ల వైపు తిప్పుతాడు, వెంటనే ఇద్దరూ అస్థిపంజరాలైపోతారు, గొడుగు కూడా ఊచలుగా మారిపోతుంది. కెమెరా ఆపి, నటులకు ఎముకల బొమ్మలు గీసిన నల్ల బట్టలు తొడిగి, మళ్లీ తిప్పారు, అంతే కిటుకు. తెర మీద ఉత్తుత్తి ఎక్స్‌రే మెషీన్ కథ దాదాపు అక్కడే మొదలైందనుకోవచ్చు. ఆ పెట్టె ఏ ఆసుపత్రి మెషీన్‌లాగానూ లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే చూసేవాళ్లలో చాలామంది నిజమైనది చూసి ఉండరు. ఇవాళ ఆ సౌకర్యం లేదు. ప్రేక్షకుల్లో స్కానింగ్ తీయించుకున్నవాళ్లు చాలామందే ఉంటారు.

ఎక్స్‌రే డమ్మీ మాత్రం అన్నిట్లోకీ తేలిక. ఎక్స్‌రే గదికి వెళ్లినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, తీసే ముందు ఛాతీ మీద పసుపుపచ్చ వెలుతురు చతురస్రంగా పడుతుంది, మధ్యలో ప్లస్ గుర్తు నీడ. అది ఎక్స్‌రే కాదు, కిరణం ఎక్కడ పడబోతుందో చూపించే మామూలు బల్బు. అసలు కిరణం కంటికి కనపడదు, వచ్చేదీ రెప్పపాటులో పోయేదీ. కాబట్టి ట్యూబ్ మొత్తం పీకేసి ఆ బల్బు ఒక్కటి వెలిగేలా ఉంచితే చాలు, రేడియోగ్రాఫర్ కూడా తేడా చెప్పలేడు. తప్పంతా తర్వాతి సీన్‌లో జరుగుతుంది, డాక్టర్ ఫిల్మ్‌ను లైట్‌బాక్స్‌కు తగిలించేటప్పుడు. ఛాతీ ఎక్స్‌రేను ఎదురుగా మనిషి నిలబడ్డట్టు పెడతారు, అంటే గుండె మొన చూసేవాళ్ల కుడివైపు ఉండాలి. తిరగేసి తగిలిస్తే గుండె కుడి రొమ్ములోకి పోతుంది, నిజంగా అలా పుట్టేవాళ్లు పది వేలమందిలో ఒకరు. అమెరికన్ సీరియల్ ‘స్క్రబ్స్’ టైటిల్స్‌లో ఏళ్ల తరబడి ఎక్స్‌రే తిరగేసే ఉండేది, చివరికి ఆ సీరియల్‌లోనే ఒక పాత్ర వచ్చి దాన్ని సరిచేసి అందరినీ నవ్వించింది. మన దగ్గర దీని గురించి జోకు వేసే తీరిక కూడా ఎవరికీ లేదు. ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని “ఐయామ్ సారీ” అనేయడం మన డాక్టర్ పాత్రలకు దశాబ్దాల అలవాటు, ఫిల్మ్ ఏ వైపు తిరిగి ఉందో ఎవరు చూస్తారు?

పాత ఎక్స్‌రే మెషీన్‌ను పాతసామాన్ల వాడి దగ్గర కొనేసి సెట్‌లో పెట్టేయవచ్చు కదా అని అనిపించవచ్చు. ఇక్కడ కాస్త ఆగాలి. కరెంట్ లేని ఎక్స్‌రే మెషీన్ నుంచి రేడియేషన్ రాదు, లోపల రేడియోధార్మిక పదార్థం ఏదీ ఉండదు. కానీ మన దేశంలో దాన్ని ఇష్టం వచ్చినట్టు వదిలించుకోవడానికి లేదు. వాడకం ఆపేసినప్పుడు అణుశక్తి నియంత్రణ మండలికి తెలపాలి, మళ్లీ పనిచేయకుండా చేశామని కాగితం పెట్టాలి. కేన్సర్ చికిత్స మెషీన్లు, ప్రయోగశాలల్లో ఉండే కొన్ని పాత పరికరాల సంగతి పూర్తిగా వేరు, వాటిలో నిజంగానే కోబాల్ట్, సీజియం లాంటి రేడియోధార్మిక పదార్థాలు ఉంటాయి. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పాత ఇనుము కింద వేలం వేసిన ఒక పరికరం మాయాపురి తుక్కు బజారుకు చేరి, లోపలి కోబాల్ట్-60 బయటపడి ఒకరు చనిపోయారు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు. 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో వదిలేసిన రేడియోథెరపీ మెషీన్‌ను తుక్కువాళ్లు విప్పితే అందులోని సీజియం మెరుపు చూసి మురిసిపోయినవాళ్లు, దాన్ని ఇంటికి పట్టుకెళ్లినవాళ్లు ఉన్నారు, నలుగురు పోయారు. ఏది ఎక్స్‌రే మెషీనో, ఏది కోబాల్ట్ మెషీనో బయటి నుంచి చూసి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాడు చెప్పలేడు. అలాంటప్పుడు చెక్కతో కట్టించుకోవడమే బతుకుజీవుడా అనిపించే దారి.

అల్ట్రాసౌండ్ విషయంలో మన దేశానికి ఇంకో మెలిక ఉంది, అమెరికన్ సెట్లకు ఈ తలనొప్పి లేదు. అయస్కాంతం లేదు, రేడియేషన్ లేదు, చక్రాల మీద నడుస్తుంది, ధర కూడా మరీ ఆకాశంలో ఉండదు, కాబట్టి దీన్ని మాత్రం నిజమైనదే తెచ్చి పెట్టొచ్చు అనిపిస్తుంది. కానీ గర్భంలో ఆడపిల్లల్ని చంపేయకుండా తెచ్చిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం, దాని నియమాలు ఈ మెషీన్‌కు గట్టి కాపలా పెట్టాయి. రిజిస్ట్రేషన్ లేని సంస్థకు గానీ మనిషికి గానీ మెషీన్ అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, డబ్బు తీసుకోకుండా ఊరికే వాడుకోనివ్వడం కూడా కుదరదు. 2003లో సవరణ చేశాక ఈ పట్టు ఇంకా బిగిసింది. ఆసుపత్రి పేరు మీద రిజిస్టరైన మెషీన్ ఒక రాత్రి ఏదో స్టూడియో ఫ్లోర్ మీద ఉంటే, అక్కడ జరిగేది షూటింగేనని తనిఖీకి వచ్చిన అధికారికి నమ్మకం కుదిరేలోపు ఆ డాక్టర్‌కు చెమటలు పడతాయి. నిర్మాత కోసం ఆ రిస్క్ ఎవరు తీసుకుంటారు? అందుకే సెట్‌లో కనిపించేది ట్రాలీ మీద పాత కీబోర్డు, ఎల్‌సీడీ తెర, వైరు చివర ఖాళీ ప్రోబ్, తెర మీద ముందే రికార్డ్ చేసిన వీడియో. జెల్ ఒక్కటే నిజమైనది. పరికరం విషయంలో ఇంత జాగ్రత్త పడిన మన కథలు మాటల విషయంలో పడలేదు. తెర చూపిస్తూ “బాబే” అని నవ్వే డాక్టర్ పాత్ర నిజజీవితంలో అయితే లైసెన్స్ పోగొట్టుకుని జైలుకెళ్లాల్సిన మనిషి.

మెషీన్ ఎంత బాగా కట్టినా తెర మీద బొమ్మ తేడాగా ఉంటే అంతా బెడిసికొడుతుంది. ఒకప్పుడు అసలు మానిటర్‌ను షూట్ చేయడమే పెద్ద టెన్షన్, టీవీ గొట్టం సెకనుకు 50 సార్లు, సినిమా కెమెరా 24 ఫ్రేములు, రెండూ పొసగక తెర మీద నల్లటి పట్టీ పాకుతూ ఉండేది. ఎల్‌సీడీలు వచ్చాక ఆ గొడవ చాలావరకు తీరింది. మిగిలిన గొడవ, ఆ బొమ్మలు ఎవరివి? ప్రతి స్కాన్ మీదా పేషెంట్ పేరు, వయసు, తేదీ, ఆసుపత్రి పేరు ఉంటాయి, అడగకుండా వాడితే అది ఒకరి ఒంటి గుట్టును కోట్లమందికి చూపించడం. బుద్ధిగా పనిచేసేవాళ్లు యూనిట్‌లోనే ఎవరో ఇష్టపడి ఇచ్చిన స్కాన్ పేరు చెరిపి వాడుకుంటారు, లేదంటే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1994 నుంచి విడుదల చేసిన ‘విజిబుల్ హ్యూమన్’ బొమ్మల్లాంటి బహిరంగ సేకరణల నుంచి తీసుకుంటారు. ఆ తర్వాత గ్రాఫిక్స్ వాళ్ల చేతిలో పడితే మెదడు గాల్లో తేలుతూ తిరుగుతుంది, కణితి ఎర్రగా కొట్టుకుంటుంది. నిజమైన స్కాన్‌లో వచ్చేవి వందల నలుపు-తెలుపు అడ్డకోతల బొమ్మలు, వాటిని రేడియాలజిస్ట్ ఒక్కొక్కటిగా తిప్పుకుంటూ చూడాలి, స్కాన్ నడుస్తుండగానే అద్దం వెనక నలుగురు నిలబడి “అదిగో” అనేంత సీన్ లేదు.

అమెరికాలో ఇంకో దారి కూడా వాడారు, మూతపడిన ఆసుపత్రులనే సెట్లుగా మార్చేయడం. ‘స్క్రబ్స్’ చాలాకాలం నార్త్ హాలీవుడ్‌లో మూతపడిన ఆసుపత్రి భవనంలోనే తీశారు. లాస్ ఏంజెలస్‌లో 1991లో మూతపడ్డ లిండా విస్టా ఆసుపత్రి ఏళ్ల తరబడి షూటింగులతోనే బతికింది, తర్వాత వృద్ధుల ఇళ్లుగా మారింది. అలాంటి చోట్ల కారిడార్లు, వార్డులు, లిఫ్టులు నిజమైనవే దొరుకుతాయి, స్కానర్లు మాత్రం ఎప్పుడో అమ్ముడుపోయి ఉంటాయి. మన సీరియళ్లది మూడో దారి, అన్నిట్లోకీ చవకైనది: స్కానర్‌ను చూపించనే చూపించరు. మూసిన తలుపు, దాని మీద ఎర్ర బల్బు, బయట బెంచీ మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న అత్తగారు, కాసేపటికి డాక్టర్ పెద్ద కవర్ పట్టుకుని బయటికొచ్చి “రిపోర్ట్స్ చూశాను” అంటాడు. ఎగతాళికి అనడం లేదు, ఒక రకంగా అదే నిజానికి దగ్గర, ఎందుకంటే నిజంగానే బంధువులకు దక్కేది ఆ తలుపూ ఆ కవరే.

డమ్మీ వల్ల నష్టమేమైనా ఉందా అంటే, నీలం లైటు వల్లో, సీటీని ఎంఆర్‌ఐ అన్నందువల్లో ఎవరికీ ఏమీ కాదు. రాన్రానూ నిజమైన ఆసుపత్రులే స్కాన్ గదుల్లో రంగుల లైట్లు పెట్టించుకుంటున్నాయి. నష్టం వేరేచోట ఉంది. డమ్మీ గదికి గుమ్మం దగ్గర ఏ అడ్డూ ఉండదు. స్కాన్ మధ్యలో పేషెంట్ ఒళ్లు విరుచుకుని కొట్టుకుంటే డాక్టర్లు స్టెతస్కోపు మెడలో వేసుకునే లోపలికి ఉరుకుతారు, స్ట్రెచర్ తోసుకొస్తారు, వెనకే ఆక్సిజన్ సిలిండర్ వస్తుంది, హీరో నడుముకు ఇనుప బకిల్ బెల్టు అలాగే ఉంటుంది. ఏదీ ఎగరదు, ఎందుకంటే అది చెక్క. నిజంగా అదే పని చేస్తే ఏమవుతుందో ముంబయిలో 2018 జనవరిలో తెలిసింది. నాయర్ ఆసుపత్రిలో బంధువును చూడటానికి వెళ్లిన 32 ఏళ్ల మనిషి ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని ఎంఆర్‌ఐ గదిలోకి వెళ్లాడు, సిలిండర్‌తో సహా మెషీన్ లాగేసింది, చనిపోయాడు. మెషీన్ ఆఫ్‌లో ఉందని తమకు చెప్పారని బంధువులు అన్నారు. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో ఆరేళ్ల పిల్లాడు స్కాన్‌లో ఉండగా గదిలోకి తెచ్చిన సిలిండర్ ఎగిరొచ్చి తగిలి పోయాడు. 2025 జులైలో అదే రాష్ట్రంలో లాంగ్ ఐలండ్‌లో భార్యను లేపడానికి లోపలికెళ్లిన 61 ఏళ్ల ఆయన మెడలో వ్యాయామం కోసం వేసుకున్న సుమారు తొమ్మిది కిలోల గొలుసు ఉంది, అది ఆయన్ని మెషీన్‌కు లాక్కుపోయింది, మర్నాడు చనిపోయాడు.

ఈ చావులకు సినిమాలే కారణం అనడం అన్యాయం, ఆసుపత్రిలో గుమ్మం దగ్గర ఆపాల్సినవాళ్లు ఆపకపోవడం వేరే లెక్క. కానీ మెషీన్ ఆగిపోతే అయస్కాంతం కూడా ఆగిపోతుందనే నమ్మకం జనంలో ఎంత బలంగా ఉందో చూస్తే, తెర మీద ఇన్నేళ్లుగా ఆ గదిని మామూలు గదిలాగే చూపించడం ఆ నమ్మకానికి నీళ్లు పోస్తోందని మాత్రం అనుకోక తప్పదు. అయస్కాంతాన్ని కథలో పట్టించుకున్నవి లేకపోలేదు. ‘హౌస్’ అనే అమెరికన్ సీరియల్‌లో 2006 నాటి ఒక ఎపిసోడ్‌లో బుల్లెట్ దిగిన శవాన్ని ఎంఆర్‌ఐలో పెట్టి చూస్తారు, బుల్లెట్ దూసుకొచ్చి మెషీన్‌ను పాడుచేస్తుంది. విచిత్రమేమిటంటే ఇలాంటి సీన్‌కు కూడా కావాల్సింది డమ్మీయే, నిజమైన అయస్కాంతాన్ని పాడుచేసి చూపించే స్తోమత ఏ సీరియల్‌కూ ఉండదు.

ఉత్తుత్తి స్కానర్లు సినిమా వాళ్ల దగ్గరే కాదు, ఆసుపత్రుల్లో, మెదడు మీద పరిశోధన చేసే ల్యాబుల్లో కూడా ఉంటాయి, ఈ సంగతి బయట పెద్దగా ప్రచారంలో లేదు. వాటిని మాక్ స్కానర్లు అంటారు. అదే ఫైబర్ సొరంగం, అదే జారే బల్ల, అయస్కాంతం లేదు. ఎంఆర్‌ఐలో కదలకుండా 20 నుంచి 45 నిమిషాలు పడుకోవాలి, చిన్నపిల్లలు భయపడి కదిలితే బొమ్మలు పాడవుతాయి, చివరికి మత్తు ఇవ్వాల్సి వస్తుంది. అందుకని ముందుగా మాక్ స్కానర్‌లో పడుకోబెట్టి, స్పీకర్లలో చప్పుడు వినిపించి, అలవాటు చేస్తారు. 2022లో లెగో సంస్థ తాలూకు ఫౌండేషన్ ఇదే పని కోసం బుల్లి బొమ్మ ఎంఆర్‌ఐ సెట్లు 600 తయారుచేసి ఆసుపత్రులకు ఇస్తున్నట్టు ప్రకటించింది. పిల్లలు ఆ బొమ్మలో మనిషిని పడుకోబెట్టి లోపలికి తోసి ఆడుకుంటారు, అసలు మెషీన్ దగ్గరికి వచ్చేసరికి అది కొత్తగా అనిపించదు.

సినిమా డమ్మీ, ఆసుపత్రి డమ్మీ తయారీలో పెద్ద తేడా లేదు, తేడా అంతా దేన్ని అట్టిపెట్టారు, దేన్ని వదిలేశారు అన్నదాంట్లో ఉంది. ఆసుపత్రి డమ్మీ చూడటానికి కాస్త మోటుగా ఉన్నా చప్పుడును వదలదు. టకటకటక అని సుత్తి దెబ్బలు, మధ్యలో ఆగి మళ్లీ ఇంకో శ్రుతిలో గీ అని అరుపు, మెషీన్ ఊరికే ఉన్నప్పుడు కూడా వెనక నుంచి పిట్ట కూసినట్టు చిక్ చిక్ మనే పంపు, అన్నీ వినిపిస్తారు, ఎందుకంటే పేషెంట్ బెదిరేది దానికే. సినిమా డమ్మీ చూడటానికి అద్దంలా మెరుస్తుంది, వినడానికి ఏమీ ఉండదు, మహా అయితే వీణ మీద విషాద రాగం. మొదటిసారి ఎంఆర్‌ఐకి వెళ్లి చెవుల్లో దూది పెట్టించుకుని, ఆ మోత మొదలవగానే మెషీన్ పాడైందేమోనని చేతిలో పెట్టిన గంట నొక్కేసేవాళ్లు ఎందుకుంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ చప్పుడు డబ్బింగ్‌లో కలపడానికి కొత్త సామానేమీ అక్కర్లేదు, రికార్డింగులు ఉచితంగానే దొరుకుతాయి. గుమ్మం దగ్గర టెక్నీషియన్ పాత్ర ఒకటి నిలబడి “గొలుసు, వాచీ, బెల్టు తీసేయండి, సిలిండర్ ఇక్కడే వదిలేయండి” అనడానికి నాలుగైదు సెకన్లు చాలు, అది జూనియర్ ఆర్టిస్ట్ చెప్పగలిగే డైలాగే.